పేదల సివిల్ కేసుల డబ్బుకు విడిగా లెక్క చూపండి: న్యాయ సేవాధికార సంస్థల పెద్దలకు, రాష్ట్ర ప్రభుత్వానికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన న్యాయ సేవాధికార సంస్థల పెద్దలకు, రాష్ట్ర న్యాయ శాఖ, ఆర్థిక శాఖ ఉన్నతాధికారులకు నమస్కారం.

నేను పాత వరంగల్ జిల్లాలో పారా లీగల్ వాలంటీరును. ఊళ్లు, తండాలు, గూడేలు తిరిగి, కోర్టుకెళ్లే స్తోమత లేనివాళ్లను న్యాయ సేవాధికార సంస్థ దాకా తీసుకొచ్చి దరఖాస్తు రాసిపెట్టడం మా పని. మాకు జీతం ఉండదు, పనిచేసిన రోజుకు గౌరవ వేతనం ఇస్తారు. అది ఆలస్యమైతే నా తిప్పలేవో నేను పడతాను, దాని గురించి ఈ లేఖ రాయడం లేదు.

ఉచిత న్యాయ సహాయం కింద జిల్లాకు వచ్చే గ్రాంటులో సివిల్ కేసులకు ఎంత కేటాయిస్తున్నారు, ఎంత ఖర్చవుతోంది, ఎంత మిగులుతోంది అని కొందరు వాలంటీర్లం, ఉచిత కేసులు చూడడానికి సంస్థ ఎంచుకున్న ప్యానెల్ లాయర్లం కలిసి అర్జీ పెట్టాం. ప్రజావాణిలో ఇస్తే అది కోర్టు వాళ్ల వ్యవహారం, మాకు సంబంధం లేదన్నారు. సంబంధిత కార్యాలయంలో ఇస్తే ముద్ర వేసి రశీదు చేతిలో పెట్టారు, అంతే. చివరికి సమాచార హక్కు చట్టం కింద అడిగాం. సివిల్, క్రిమినల్ అని విడదీసి వివరాలు నిర్వహించడం లేదని ఒక్క వాక్యంలో జవాబొచ్చింది. దాటవేశారని నేను అనను. ఉన్నమాటే చెప్పారు: అసలు ఆ లెక్కే లేదు. ఇంత ముఖ్యమైన పద్దుకు లెక్క లేకపోతే అడగాల్సింది ఆ గుమస్తాను కాదు, మిమ్మల్ని. అందుకే ఇలా అందరి ముందు రాస్తున్నాను.

చట్టం మీకు తెలిసిందే. చదివే మిగతావాళ్ల కోసం రెండు ముక్కలు. 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో 39ఎ అధికరణం చేరింది: డబ్బు లేదన్న కారణంతో ఎవరికీ న్యాయం అందకుండా పోకూడదని. దాని కోసం 1987లో చేసిన న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9న అమల్లోకి వచ్చింది. కేంద్రం ఇచ్చే గ్రాంటు 15వ సెక్షన్ కింద జాతీయ నిధిలో పడుతుంది. అక్కణ్నుంచి వచ్చేదీ, రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చేదీ కలిసి 16వ సెక్షన్ కింద రాష్ట్ర నిధి, అందులోంచి 17వ సెక్షన్ కింద జిల్లా నిధి. 18వ సెక్షన్ ప్రకారం ఈ ఖాతాలను కాగ్ ఆడిట్ చేయాలి, ఆ నివేదికను జాతీయ సంస్థదైతే పార్లమెంటు ముందు, రాష్ట్ర సంస్థదైతే శాసనసభ ముందు పెట్టాలి. చట్టంలో లోటేమీ లేదు. ఈ మూడు నిధుల్లో ఎక్కడా 'సివిల్' అని విడిగా ఒక గీత గీయకపోవడం దగ్గరే వచ్చింది చిక్కు. దానివల్ల జనానికి ఏమవుతోందో, మేము ఏం అడుగుతున్నామో వరుసగా చెబుతాను.

1. లాయరు ఉచితమే, కేసుకే ఖర్చు.

ప్రతివాదికి సమన్లు పంపడానికి బత్తా, అంటే ఆ ఖర్చుకు కోర్టులో కట్టే రుసుము, కట్టాలి. రిజిస్టర్డ్ పోస్టు కవర్లు కొనాలి. భూమి మీద పాత లావాదేవీలు చూపే ఈసీ, మార్కెట్ విలువ సర్టిఫికెట్, ఊరి భూమి రికార్డైన పహాణీ నకళ్లు తెచ్చుకోవాలి. భూమి దగ్గరికి వెళ్లి చూసి రమ్మని కోర్టు అడ్వకేట్ కమిషనర్‌ను వేస్తే ఆయన ఫీజు, వెంట సర్వేయర్ వస్తే ఆయన ఫీజు ముందే డిపాజిట్ చేయాలి. కోర్టు ఫీజు, ప్రాసెస్ ఫీజు, సర్టిఫైడ్ కాపీలు, అనువాదాలు, అప్పీలు కాగితాల తయారీ, ఇవన్నీ ఉచిత న్యాయ సహాయంలో భాగమేనని నల్సా, అంటే జాతీయ న్యాయ సేవాధికార సంస్థ, స్వయంగా చెబుతోంది. కానీ ఆ రోజు కౌంటర్ దగ్గర కట్టాల్సిన డబ్బు ఎవరి జేబులోంచి రావాలి? లాయరు ముందు పెట్టుకుని తర్వాత బిల్లు పెట్టుకోవాలి. బిల్లు ఎప్పుడు పాసవుతుందో తెలియదు. లబ్ధిదారుల దగ్గర పైసా తీసుకోకూడదని నిబంధన. దాంతో కొందరు లాయర్లు జేబులోంచి పెడతారు, కొందరు ఊరుకుంటారు.

ఊరుకుంటే ఏమవుతుందో ఒక కేసు చెబుతాను. మహబూబాబాద్ జిల్లాలో ఒక తండా. భర్త చనిపోయాక మూడెకరాలూ మరిది పేరున ఎక్కాయి. ఆమె ఎస్టీ, పైగా మహిళ, అంటే 12వ సెక్షన్ కింద ఆదాయంతో పని లేకుండానే ఉచిత సాయానికి అర్హురాలు. భాగ పంపిణీ దావా వేశారు, కోర్టు ఫీజు గండం గట్టెక్కింది. ప్రతివాదుల్లో ఒకరు హైదరాబాద్‌లో ఉంటున్నారు. మొదటిసారి పంపిన సమన్లు ఆ అడ్రసులో మనిషి లేడని తిరిగొచ్చాయి. మళ్లీ బత్తా కట్టి కొత్త అడ్రసుకు పంపాలి. మొదటిసారి లాయరే కట్టారు. రెండోసారి ఎవరూ కట్టలేదు. వాయిదా మీద వాయిదా పడి, చివరికి సివిల్ ప్రొసీజర్ కోడ్ 9వ ఆర్డర్ 2వ రూల్ కింద దావా కొట్టేశారు. బత్తా కట్టకపోతే కోర్టు చేయగలిగింది అదే, జడ్జిగారిని తప్పుపట్టను. కేసు తిరిగి తెరిపించుకోవడానికి 30 రోజుల గడువుంటుంది. ఆమెకు సంగతి తెలిసేసరికి ఆ గడువూ దాటింది. ఇప్పుడు ఆలస్యాన్ని మన్నించమని ఒక పిటిషన్, కేసు తెరవమని ఇంకో పిటిషన్, వాటికి మళ్లీ నోటీసులు, మళ్లీ బత్తా. కోర్టు బయట జిరాక్స్ షాపు ముందు నిలబడి ఆమె నన్ను అడిగింది: "లాయరు ఫ్రీ అన్నవు గద బిడ్డా, మరి గీ పైసలేంది?"

ఆమె కేసు ఆగిపోయింది ఒక పూట కూలి పాటి డబ్బుకు.

మేము అడిగేది: ప్రతి జిల్లా సంస్థలో, ప్రతి మండల కమిటీలో సివిల్ కేసుల చిల్లర ఖర్చులకు ఒక శాశ్వత అడ్వాన్సు పెట్టండి. లాయరు కాగితం రాసివ్వగానే అదే రోజు బత్తా, నకళ్ల డబ్బు అందాలి. కమిషనర్ ఫీజు లాంటి పెద్ద ఖర్చుకు వారం గడువు పెట్టండి. అయిపోయిన మేరకు నెల నెలా నింపండి. ఆఫీసు టీ ఖర్చులకు ఇలాంటి అడ్వాన్సు ఎలాగూ ఉంటుంది, కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు.

2. గ్రాంటు ఏడాదికి, కేసు ఏడేళ్లకు.

నా ఉద్దేశంలో అసలు ముడి ఇక్కడుంది. గ్రాంటు ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగుస్తుంది. ఖర్చు చూపి యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఇస్తేనే తర్వాతి విడత వస్తుంది. భూమి దావా అలా మార్చి 31కి తెగదు. ఈ ఏడాది లాయరును కేటాయిస్తే ఆయనకు చివరి ఫీజు ఇవ్వాల్సింది ఐదేళ్లకో, ఎనిమిదేళ్లకో. ఆనాటికి ఆ డబ్బు ఏ పద్దులో ఉంటుందో ఎవరూ చెప్పలేరు. అదే ఒక అవగాహన సదస్సు పెడితే ఫ్లెక్సీ, టెంటు, మైకు, భోజనాలు, ఫొటోలు అన్నీ ఒక్క రోజులో తేలిపోతాయి, వోచర్లు చక్కగా అతుక్కుంటాయి. ఫిబ్రవరి, మార్చిలో సదస్సులు ఎందుకు జోరందుకుంటాయో మా వాలంటీర్లందరికీ తెలుసు. కుర్చీలు వేసేది మేమే కదా. సదస్సులు వద్దని నేను అనడం లేదు, హక్కు ఉందని తెలియకపోతే మా దగ్గరికి ఎవరొస్తారు? కాకపోతే సదస్సులో హక్కు గురించి విని వచ్చిన మనిషికి బత్తా డబ్బు లేదని చెప్పాల్సి రావడం సిగ్గుచేటు.

డబ్బు ఇచ్చినా వాడుకోలేకపోవడం కొత్తేమీ కాదు. 13వ ఆర్థిక సంఘం 2010-15 కాలానికి న్యాయవ్యవస్థకు 5,000 కోట్ల రూపాయల గ్రాంటు సిఫారసు చేసింది. అందులో న్యాయ సహాయానికి 200 కోట్లు, లోక్ అదాలత్‌లకు 100 కోట్లు. ఆ మొత్తం గ్రాంటులో దేశవ్యాప్తంగా ఖర్చయిన దానికన్నా ఖర్చు కానిదే ఎక్కువ. పేదలకు అవసరం లేక మిగిలిందా?

మేము అడిగేది: లాయరును కేటాయించిన రోజే ఆ కేసు చివరిదాకా అయ్యే ఖర్చు అంచనా వేసి ఒక రిజిస్టరులో రాయండి. ఆ మొత్తాన్ని చెల్లించాల్సిన బాకీగా లెక్కకట్టి, ఏడాది ముగిసినా వెనక్కి పోకుండా వచ్చే ఏడాదికి మళ్లించండి. కాంట్రాక్టరుకు వర్క్ ఆర్డర్ ఇస్తే అది బాకీ అవుతుంది. పేదవాడి కేసు ఎందుకు కాకూడదో ఆర్థిక శాఖ వారు చెప్పాలి.

3. క్రిమినల్ వైపు జరిగిన మంచి సివిల్ వైపు జరగలేదు.

లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ పథకం కింద జిల్లాల్లో పూర్తికాలం లాయర్లను జీతం మీద పెట్టారు. 2023-24 నుంచి 2025-26 వరకు మూడేళ్లకు దానికి 998.43 కోట్ల రూపాయలు ఆమోదించారు. మంచి పని. జైల్లో మగ్గేవాడికి లాయరు దొరకాలి, అందులో ఒక్క రూపాయి తగ్గించమని మేము అడగం. అయితే ఆ పథకం క్రిమినల్ కేసులకే. సివిల్ కేసులకు పాత పద్ధతే: ప్యానెల్ లాయరు, కేసుకింత ఫీజు, బిల్లు, ట్రెజరీ, టోకెన్ నంబరు, ఎదురుచూపు.

మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమందివి సివిల్ తగాదాలే. 2020లో రెవెన్యూ కోర్టులు ఎత్తేశారు, ధరణి అనే ఆన్‌లైన్ భూమి రికార్డులో పేరు తప్పు పడితే సివిల్ కోర్టుకు పొమ్మన్నారు. సాదాబైనామా, అంటే రిజిస్ట్రేషన్ లేని తెల్ల కాగితం, మీద కొనుక్కుని దశాబ్దాలుగా దున్నుకుంటున్నవాళ్ల లక్షల దరఖాస్తులు ఏళ్ల తరబడి నానాయి. 2025 ఏప్రిల్‌లో కొత్త భూమి రికార్డుల చట్టం భూభారతి అమల్లోకి వచ్చినప్పుడు పేద రైతులకు ఉచిత న్యాయ సహాయం అన్నారు. సంతోషం. ఆ సాయానికి డబ్బు ఏ పద్దులోంచి వస్తుంది? ఇప్పటికే చాలని జిల్లా నిధిలోంచేనా? భూమి ఒక్కటేనా, చిట్టీ డబ్బులు మునిగినవాళ్లు, మనోవర్తి ఆర్డరు వచ్చినా ఒక్క నెలా అందని ఆడవాళ్లు, యాక్సిడెంటులో కొడుకు పోయి బీమా కంపెనీతో కొట్లాడుతున్న తల్లిదండ్రులు, పీఎఫ్ రాని కాంట్రాక్టు కార్మికులు, వీళ్లెవరూ ఆ కొత్త పథకంలోకి రారు.

మేము అడిగేది: గ్రాంటులో సివిల్ న్యాయ సహాయానికి ప్రత్యేక పద్దు. ముందు ఉత్తర తెలంగాణలో రెండు మూడు జిల్లాల్లోనైనా సివిల్ కేసులకు పూర్తికాలం లాయర్లను పెట్టి చూడండి.

4. ఫీజు ఆలస్యమైతే నష్టపోయేది లాయరొక్కడే కాదు.

ప్యానెల్‌లో చేరే జూనియర్లు మొదట్లో బాగా కష్టపడతారు. పూర్తయిన కేసుల బిల్లులు కదలకపోతే మెల్లగా ఆ ఫైళ్లు అలమారా అడుగుకు చేరతాయి. డబ్బిచ్చే క్లయింటు వాయిదా, ఉచిత కేసు వాయిదా ఒకే రోజు పడితే లాయరు ఏ హాల్లో ఉంటాడో ఊహించండి. పేదవాడికి లాయరు పేరు కాగితం మీదే ఉంటుంది. 2010 నాటి నల్సా నిబంధనల ప్రకారం కేసుల పురోగతి చూడడానికి ప్రతి సంస్థకూ ఒక మానిటరింగ్ కమిటీ ఉండాలి. ఫీజు సకాలంలో ఇవ్వని సంస్థ అదే లాయరును పురోగతి నివేదిక ఏదని గట్టిగా అడగగలదా? దావా వేసినప్పుడు, సాక్ష్యం ముగిసినప్పుడు, తీర్పు వచ్చినప్పుడు అని దశలవారీగా చెల్లించండి. ఏ బిల్లు ఏ టేబుల్ దగ్గర ఉందో ఫోనులో చూసుకునే ఏర్పాటు చేయండి.

5. ములుగుకూ హనుమకొండకూ ఒకే కొలమానం పనికిరాదు.

పాత వరంగల్ ఇప్పుడు ఆరు జిల్లాలైంది. 2022 జూన్ 2న కొత్త జిల్లా కోర్టులు మొదలయ్యాయి. కోర్టు దగ్గరైంది, ఒప్పుకుంటాను. కానీ హనుమకొండలో ఆటో ఎక్కి కోర్టుకొచ్చే మనిషికీ, వాజేడు నుంచి ఏటూరునాగారం మీదుగా ములుగు చేరాల్సిన కోయ రైతుకూ ఒక వాయిదా ఖర్చు ఒకటి కాదు. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే భూ బదలాయింపు నిషేధ చట్టం, అదే 1/70 కేసులు సివిల్ కోర్టుకు కాకుండా రెవెన్యూ అధికారుల ముందుకు వెళ్తాయి. అక్కడా లాయరు కావాలి, పత్రాలు కావాలి. కోర్టు కేసుల సంఖ్య చూసి నిధి పంచితే ఇలాంటివి లెక్కలోకే రావు.

వరదల సంగతి కూడా చూడండి. 2023 జులైలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది, జంపన్నవాగు కొండాయిని ముంచింది. 2024 సెప్టెంబరులో మహబూబాబాద్ జిల్లా తండాలు నీళ్లపాలయ్యాయి. వరద బాధితులు 12వ సెక్షన్ కింద ఉచిత సాయానికి అర్హులని చట్టంలోనే రాసి ఉంది. పాసు పుస్తకాలు, బాండు పేపర్లు కొట్టుకుపోయినవాళ్లు నకళ్ల కోసం తిరిగేటప్పుడు ఆ జిల్లా నిధికి అదనంగా సొమ్ము చేరాలి కదా.

అమెరికాలో 1974లో చట్టం చేసి లీగల్ సర్వీసెస్ కార్పొరేషన్ పెట్టారు. అది సివిల్ కేసుల న్యాయ సహాయానికే గ్రాంటులిస్తుంది. ఏ ప్రాంతంలో పేదలు ఎంతమంది ఉన్నారో జనాభా లెక్కల్లో చూసి ఆ నిష్పత్తిలో పంచుతుంది. అక్కడా నిధులు చాలడం లేదనే గొడవ ఉంది, వాళ్లను నెత్తిన పెట్టుకోమని నేను చెప్పను. పంచే సూత్రం మాత్రం ఎవరైనా చదువుకోవచ్చు. మన జిల్లాలకు ఏ సూత్రం ప్రకారం పంచుతున్నారో అదీ అలాగే బయట పెట్టండి. పేదల సంఖ్య, దూరం, ఏజెన్సీ ప్రాంతం, విపత్తులు, ఈ నాలుగూ అందులో ఉండాలి.

6. ఆదాయ సర్టిఫికెట్ అడగడం మానిపించండి.

మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయ పరిమితి లేదు. మిగతావాళ్లు ఆదాయంపై అఫిడవిట్ ఇస్తే, దాన్ని నమ్మకపోవడానికి కారణం లేనప్పుడు, అదే చాలని 13వ సెక్షన్ చెబుతోంది. అయినా మీసేవకు పోయి సర్టిఫికెట్ తెమ్మని వెనక్కి పంపుతున్నారు. ఆడిట్ అభ్యంతరం వస్తుందన్న టెన్షన్ వల్ల అలా చేస్తున్నారని నాకు తెలుసు. అలాంటప్పుడు అఫిడవిట్ సరిపోతుందని మీరే ఒక సర్క్యులర్ ఇస్తే కింది ఉద్యోగికి ఆ భయం పోతుంది. దరఖాస్తుపై ఏడు రోజుల్లోపు నిర్ణయం చెప్పాలన్న నిబంధననూ అందులోనే గుర్తు చేయండి.

7. మూడు నెలలకోసారి ఒక పేజీ.

జిల్లా నిధికి ఎంత వచ్చింది, సివిల్ కేసులకు ఎంత వెళ్లింది, ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్నింటికి లాయరును ఇచ్చారు, బత్తా కట్టక ఎన్ని ఉచిత కేసులు కొట్టేశారు, లాయర్ల బకాయిలు ఎంత ఉన్నాయి. ఈ ఆరు అంకెలు కోర్టు నోటీసు బోర్డు మీద, వెబ్‌సైటులో తెలుగులో పెట్టండి. ఐదో అంకె ముఖ్యం, దాన్ని వదిలేయొద్దు. కోర్టులు కక్షిదారుల మీద విధించే ఖర్చుల సొమ్ము కూడా చాలాసార్లు న్యాయ సేవాధికార సంస్థకు కట్టమంటారు, అది ఎంత జమైందో అదే పేజీలో చూపండి. బాధితుల పరిహారం సొమ్మును మాత్రం ఇందులో కలపకండి. అది వేరే నిధి. అది కలిస్తే అంకె పెద్దదై, సివిల్ కేసులకు కోట్లు ఇస్తున్నట్టు కనిపిస్తుంది.

డబ్బు లేదని ప్రభుత్వం అంటే ముందు ఎంత ఉందో చూపమంటాం. కొత్త చట్టం అక్కర్లేదు. ఒకటి, మూడు తప్ప మిగతా వాటిలో చాలావరకు అదనపు ఖర్చు కూడా లేదు, ఒక సర్క్యులరుతో, ఒక రిజిస్టరుతో అయ్యే పనులు. వచ్చే బడ్జెట్ ప్రతిపాదనలు ఆర్థిక శాఖకు వెళ్లేలోపు ఈ ఏడు అంశాల మీద రాతపూర్వకంగా జవాబివ్వండి. ఏది చేయగలరు, ఏది చేయలేరు, చేయలేకపోతే ఎందుకో చెప్పండి. మేము తీసుకొచ్చిన కేసుల వివరాలు, వాలంటీర్ల దగ్గరున్న డైరీలు, ఖర్చుల చీటీలు మీరు ఎప్పుడు పిలిస్తే అప్పుడు తెచ్చి చూపిస్తాం. ఎవరి పేర్లూ బయటపెట్టకుండా.

ఇట్లు,
పాత వరంగల్ జిల్లాకు చెందిన ఒక పారా లీగల్ వాలంటీరు

ప్రతులు: ఉత్తర తెలంగాణ జిల్లాల శాసనసభ్యులకు, బార్ అసోసియేషన్లకు, పత్రికలకు